మార్ల్‌బరోలో పంట తగ్గినా ద్రాక్ష ధర ఎందుకు పెరగలేదు? ఆరు కోతలు చూసినవాడిగా నా జవాబు

ప్రశ్న అడిగింది దెగ్లూర్ నుంచి ఒక అన్న. ఆయన తమ్ముడు ద్రాక్ష సాగు, వైన్ తయారీ కోర్సు చదవడానికి న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరోకు వెళ్తానంటున్నాడు. 2024లో అక్కడ పంట బాగా తగ్గినా రైతుకు ధర పెరగలేదని, 2025లో కొంత కాయను తీగల మీదే వదిలేశారని ఆయన విన్నారు. ఇదెలా జరుగుతుంది, ఇక ముందు అక్కడ పని దొరుకుతుందా, తిరిగొచ్చాక మన నాందేడ్ జిల్లాలో వైన్ ద్రాక్ష పెట్టవచ్చా అని అడిగారు.

అన్నా, మాది ధర్మాబాద్ తాలూకా, బాబ్లీ బ్యారేజీకి దగ్గరి ఊరు. మీలాగే ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. 2019లో నేను అదే చదువు కోసం మార్ల్‌బరోలోని బ్లెనిమ్ పట్టణానికి వెళ్లాను. 2019 నుంచి 2024 దాకా ఆరు కోతలు చేశాను. మొదట్లో తోటల్లో, తర్వాత వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు, దాని సెల్లార్‌లో, ట్యాంకులు కడగడం, పైపులు వేయడం, రసం పంపు చేయడం లాంటి పనుల్లో. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను, పసుపు, సోయా సాగు. 2025 సంగతులు అక్కడే ఉన్న నా తోటివాళ్లు చెప్పినవి, అక్కడి వైన్ రైతుల సంఘం ప్రకటించినవి.

ముందు లెక్కలు చూడండి. ఇవి న్యూజిలాండ్ మొత్తానివి, అందులో నాలుగింట సుమారు మూడు వంతులు ఒక్క మార్ల్‌బరోదే. 2020లో 4,57,000 టన్నులు. 2021లో 3,70,000. 2022లో 5,32,000. 2023లో 5,01,000. 2024లో 3,93,000. 2025లో మళ్లీ 5,19,000. ఇంత ఎగుడుదిగుడు ఎందుకంటే అది చలి ప్రాంతం. మనకు వాన ఎలాగో వాళ్లకు పూత సమయం అలాగ. నవంబర్ ఆఖరు, డిసెంబర్‌లో తీగ పూతకొస్తుంది. ఆ రెండు మూడు వారాలు వెచ్చగా ఉంటే కాయ నిండుగా కడుతుంది. చల్లగాలి, వాన వస్తే పూత రాలిపోయి గుత్తి బోసిగా మిగులుతుంది. అంతేకాదు, వచ్చే ఏడాది ఎన్ని గుత్తులు వేయాలో తీగ మొగ్గలో నిర్ణయమయ్యేది కూడా ఈ రోజుల్లోనే. అంటే ఒక డిసెంబర్ చలి రెండేళ్ల పంటను తాకుతుంది.

దానికి ముందు ఫ్రాస్ట్, అంటే లేత చిగురును మాడ్చేసే గడ్డకట్టే చలి, దాని భయం ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో చిగురు వేసే వేళ ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల దగ్గర గాలి గడ్డకట్టేంత చల్లబడుతుంది, దాని పైన కాస్త ఎత్తులో గాలి వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చని గాలిని కిందికి తోయడానికి తోటల్లో పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి, హెలికాప్టర్లు తోటల మీద తక్కువ ఎత్తులో చక్కర్లు కొడతాయి. మొదటిసారి ఆ శబ్దానికి తెల్లవారుజామున మూడున్నరకు లేచి ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. మా ఇంటి యజమాని వంటగదిలో లైటు వేసుకుని, ఫోన్‌లో తోట థర్మామీటర్ చూస్తూ, టీ కూడా తాగకుండా కూర్చుని ఉన్నాడు. వడగళ్ల మబ్బు కనిపిస్తే కల్లంలో మా బాపు కూర్చునే తీరు గుర్తొచ్చింది.

ఇక ధర సంగతి. మనకు తెలిసిన సూత్రం ఒకటే, పంట తగ్గితే ధర పెరుగుతుంది. 2021లో అక్కడ సరిగ్గా అదే జరిగింది. 2020 వసంతంలో ఫ్రాస్ట్ కొట్టింది, పూత కూడా చలికి దెబ్బతింది, పంట 3,70,000 టన్నులకు పడిపోయింది. ఒప్పందం లేని పండు ఎవరి దగ్గరైనా ఉందా అని వైనరీలు ఫోన్లు చేసి అడిగాయి, ధర పెరిగింది. 2024లోనూ పూత వేళ చలి, ఆ తర్వాత కరువు. పంట 21 శాతం తగ్గింది. అయినా ఫోన్లు రాలేదు. రెండూ తక్కువ పంటలే, ఒకదానికి ధర వచ్చింది, రెండోదానికి రాలేదు. ఎందుకో నాకు అర్థమైంది తోటలో కాదు, సెల్లార్‌లో.

స్టీలు ట్యాంకులో వైన్‌ను చల్లగా ఉంచుతారు. లోపల వైన్ ఎంత ఎత్తు వరకు ఉందో ట్యాంకు బయట అంత ఎత్తు వరకు చెమట పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టు. పైన పొడిగా మెరుస్తుంది, కింద తడిగా మసకగా ఉంటుంది, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. 2021 జనవరిలో కోతకు ముందు ట్యాంకులు కడగమన్నారు. వరసలో చాలా ట్యాంకులకు ఆ గీతే లేదు. చేత్తో తడితే డొల్లగా మోగేవి. కరోనా కాలంలో అమెరికా, బ్రిటన్ ఇళ్లలో ఆ వైన్ బాగా అమ్ముడుపోయింది, సరుకంతా వెళ్లిపోయింది. 2024 జనవరిలో అదే వరసలో నడిస్తే చెమట గీత నా తలకు చాలా పైన, దాదాపు ట్యాంకు మెడ దగ్గర ఉంది. అది 2023 వైన్. 2022, 2023 రెండేళ్లు కలిపి పది లక్షల టన్నులు దాటిన పంట వచ్చింది, అదే సమయంలో దుకాణాల వాళ్లు ఆర్డర్లు తగ్గించారు. దేశం మొత్తం వైన్ ఎగుమతి 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 240 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు ఉంటే, తర్వాతి ఏడాదికి 210 కోట్లకు దిగింది.

కొత్త రసం రావడానికి ముందు ట్యాంకు ఖాళీ కావాలి. అందుకే నిల్వ ఉన్న కంపెనీ ముందు పాత వైన్‌ను బల్క్‌గా, అంటే సీసాల్లో నింపకుండానే, వచ్చిన ధరకు వదిలించుకుంటుంది, ఆ తర్వాతే కొత్త పండు గురించి ఆలోచిస్తుంది. పంట తక్కువ వచ్చిందని తెలిసినప్పుడు మా వైనరీలో ఎవరికీ టెన్షన్ లేదు. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నారు. రైతుకు మాత్రం టన్నులు తగ్గాయి, టన్ను ధర కదల్లేదు. రెండు వైపులా నష్టం వాళ్లదే. నేను 2022లో ఆరు వారాలు చేసిన కోత పని 2024లో నాలుగు వారాలకే ముగిసింది, నా చేతికి వచ్చిన డబ్బూ అదే లెక్కన తగ్గింది.

నిల్వ ఉంటే మంచిదేగా, దాచుకుని ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మాకూ అదే అలవాటు. మా బాపు 2021, 2022 పసుపు కొమ్ములు చాలావరకు అమ్మలేదు. నిజామాబాద్ యార్డులో క్వింటాలు ఐదారు వేల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిన రోజులవి. బస్తాలు ఇంటి వెనక గదిలో పేర్చి, పురుగు పట్టకుండా చూసుకుంటూ ఓపిక పట్టాడు. 2024 మార్చిలో ధర 15 వేలు దాటింది. అమ్మేశాడు. ఆ కబురు నాకు చెప్పింది కోత నడుమ రాత్రి రెండింటికి, మన దగ్గర సాయంత్రం ఆరున్నర. నేను రబ్బరు బూట్లలో రసం పిండే ప్రెస్ దగ్గర నిలబడి ఉన్నాను, చేతులు రసంతో అంటుకుపోయి ఫోన్ పట్టుకోవడం కూడా కష్టంగా ఉంది. బాపు గొంతులో అంత సంతోషం చాలా ఏళ్ల తర్వాత విన్నాను. ఆ పక్కనే ట్యాంకులో ఉన్న సరుకుకు మాత్రం అలాంటి రోజు రాదు. మార్ల్‌బరో పంటలో ఎక్కువ భాగం సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల రకం. తాజాగా, పుల్లపుల్లగా, పచ్చి జామకాయ వాసనతో ఉన్నప్పుడే జనం దాన్ని ఇష్టపడతారు. సీసా మీద సంవత్సరం చూసి కొంటారు. ఏడాది రెండేళ్లు దాటితే దాని విలువ దిగుతుందే కాని పెరగదు. కాబట్టి అక్కడ నిల్వ ఆస్తి కాదు, నెత్తిన బరువు.

ఇంకో ముడి ఒప్పందంలో ఉంటుంది. అక్కడ చాలామంది రైతులు వైనరీతో ముందే రాసుకుంటారు. హెక్టారుకు ఇన్ని టన్నులే తీసుకుంటాం, తీపి ఇన్ని బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత) ఉండాలి, కుళ్లు ఇంత శాతం మించితే తిప్పి పంపుతాం అని. మాకు పక్క తోట పెద్దాయనకు ఒక ఏడాది పరిమితి 15 టన్నులు ఉండేది, తర్వాత 12 చేశారు. మిగిలిన గుత్తులను కోతకు ముందే కత్తిరించి నేల మీద పడేయించాడు. ఆ పని చేసిన గుంపులో నేనూ ఉన్నాను. అడుగు తీసి అడుగు వేస్తే బూటు కింద పచ్చి గుత్తులు చిట్లుతుంటే నాకు మనసు ఒప్పలేదు. ఆయన వరస చివర నిలబడి చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. 2025లో పూత బాగా వచ్చి కాయ విరగకాసింది, కంపెనీలు పరిమితులు ఇంకా బిగించాయి. ఒప్పందం లేనివాళ్లలో కొందరు యంత్రం అద్దె, రవాణా ఖర్చు కూడా రాదని కోయనే లేదు. మీరు విన్నది నిజమే. 5,19,000 టన్నులు అనేది కోసిన లెక్క మాత్రమే, కాసిన లెక్క అంతకంటే ఎక్కువ.

ముందు ఎలా ఉంటుందంటే, నా అంచనాలో కోలుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. ప్రపంచమంతా వైన్ తాగడం తగ్గింది. 2024 వాడకం 2,140 కోట్ల లీటర్ల దగ్గర, అంటే 1961 తర్వాత ఇంత తక్కువ లేదని అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ లెక్క కట్టింది. వాళ్ల పెద్ద మార్కెట్ అమెరికా 2025లో ముందు 10 శాతం, ఆగస్టు నుంచి 15 శాతం సుంకం వేసింది. సరఫరా వెంటనే తగ్గదు కూడా. 2021, 2022లో ధర చూసి ఉత్సాహంగా నాటిన తీగలు మూడో ఏటి నుంచి కాపుకొస్తాయి, అంటే సరిగ్గా ధర పడిపోయిన రోజుల్లో. కాండం తెగులు పట్టిన పాత తోటలను తీసేస్తున్నవాళ్లు ఉన్నారు, దాని ఫలితం కనిపించడానికి టైం కావాలి. ఒక మంచి సంగతి ఏమిటంటే ఎర్ర వైన్‌తో పోలిస్తే ఈ తెల్ల రకానికి అమెరికాలో గిరాకీ బాగానే నిలబడింది. ఆ ఊరు మునిగిపోతుందని నేను అనుకోను. ఇక నుంచి ఒక ఏడాది పంట తగ్గిందన్న వార్త వస్తే మాత్రం దాన్ని చూసి సంబరపడవద్దు. జనవరిలో ట్యాంకుల పరిస్థితి ఏమిటో, రైతులకు వచ్చిన ఒప్పంద పత్రాల్లో పరిమితి పెరిగిందో తగ్గిందో తెలుసుకోండి. అక్కడ ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు.

మీ తమ్ముడి విషయం. నన్ను పంపిన ఏజెంటు చదువుతూనే ఫుల్‌టైమ్ పని ఖాయం అన్నాడు, అది అబద్ధం. విద్యార్థికి చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే అనుమతి ఉండేది, 2025 నవంబర్ నుంచి 25 చేశారు. కోత వేళ వైనరీలు 12 గంటల షిఫ్టు నడుపుతాయి, ఈ రెండూ పొసగవు. కోర్సులోనే కోత అనుభవం భాగంగా ఉందా, ఆ వారాల్లో గంటల పరిమితి ఎలా వర్తిస్తుంది అని కాలేజీకే రాసి అడగమనండి, ఏజెంటు నోటి మాట నమ్మవద్దు. చలికాలం కత్తిరింపు పనికి తీగకు ఇంత అని కూలి ఇస్తారు, అలవాటు లేని చేతికి మొదటి నెల పెద్దగా గిట్టదు, పైగా ఆ పనికి పసిఫిక్ దీవుల నుంచి ఏటా మనుషులు వస్తారు. పండు కోసేది ఎక్కువగా యంత్రాలే. అందుకని సెల్లార్ పని, ల్యాబ్ పని, ట్రాక్టర్ లేదా కోత యంత్రం నడపడం, వీటిలో ఒకటి గట్టిగా నేర్చుకోమనండి. ధర పడిన ఏడాది కూడా నాతో ఉన్నవాళ్లలో ఇవి వచ్చినవాళ్లకే పని దొరికింది. అప్పు మాత్రం కోత సంపాదన చూపించి తీసుకోకండి.

తిరిగొచ్చి ఇక్కడ వైన్ ద్రాక్ష పెట్టడం గురించి నేను వద్దనే అంటాను. మన ఎండ ఒక కారణం. నాసిక్ మనకంటే ఎత్తులో ఉంటుంది, అక్కడి రాత్రుల చల్లదనం మనకు లేదు. అంతకంటే పెద్ద కారణం, వైన్ రకం కాయ చిన్నది, తోలు మందం, గింజలు ఎక్కువ, వైనరీ కాదంటే బజార్లో ఎవరూ కొనరు. సోనాకా, థాంప్సన్ లాంటి తినే రకాలు వేసినవాడికి బజారు లేకపోతే తాస్‌గావ్ వైపు చేసినట్టు ఎండబెట్టి కిస్మిస్ అయినా చేసుకోవచ్చు. నాసిక్‌లోనే 2001 ప్రభుత్వ విధానం తర్వాత చాలామంది వైన్ రకాలు నాటారు, 2008 మాంద్యం తర్వాత వైనరీలు కొనలేకపోతే చాలా తోటలు పీకేశారు. చేతిలో రాసి ఇచ్చిన ఒప్పందం, గంటా రెండు గంటల దూరంలో వైనరీ, ఈ రెండూ ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

తమ్ముడి చేరిక ఫిబ్రవరిదా, జులైదా చెప్పండి అన్నా. ఫిబ్రవరిది అయితే దిగిన నెలకే కోత మొదలవుతుంది, ఏ వారంలో ఎవరిని కలవాలో, ఏ కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలో వివరంగా రాస్తాను. ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు ఇక్కడి నుంచే కొనిపెట్టండి, మార్చి రాత్రుల్లో సెల్లార్ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.