వెలిగొండ ఎక్కబోతున్న అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

దీపావళి అయ్యాక ఉదయగిరి వైపు వెలిగొండలెక్కి అడవి మొక్కల పేర్లు రాసుకొస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి పనికి పూనుకోవడం ఎంత సంతోషమో! సంచిలో చాకు కూడా పెట్టుకున్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టా.

కాలం మంచిదే చూసుకున్నావు. మన నెల్లూరు జిల్లాకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే పెద్ద వానలు. చిన్న మొక్కలు పూతకొచ్చేది ఆ తడికే. అటవీశాఖ అనుమతి తీసుకో. ఒంటరిగా పోవద్దు. బూట్లు వేసుకో.

ఇక ఆ చాకు సంగతి. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన దక్షిణపు తూర్పు కనుమల్లోనే, కాబట్టి నీ మనసు ముందు దాని మీదికే పోతుంది. అక్కడే చాలామంది చేసే తప్పొకటుంది. బెరడు చెక్కి, ఎర్రటి రసం కారగానే ఎర్రచందనం అని రాసేస్తారు. యేగిస చెట్టుకి గాటు పెట్టినా నెత్తురులాంటి జిగురే కారుతుంది! రెండూ దగ్గరి చుట్టాలు. పూలు రెండింటికీ పసుపే. కాయలూ అంతే, గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటాయి. పేరులో చందనం ఉంది కదా, వాసన చూద్దామా అంటే ఎర్రచందనానికి గంధపు వాసన ఉండదు. చేవ, అంటే మాను లోపలి గట్టి కర్ర, రంగులో తేడా ఉన్నమాట నిజమే, ఎర్రచందనానిది ముదురెరుపు, యేగిసది పసుపు కలిసిన గోధుమ రంగు. నిలబడ్డ చెట్టులో చేవ ఎట్లా చూస్తావు? గాటు పెడితే చెట్టుకి పుండు, పురుగు. నీకు కేసు. చెక్కిన ఎర్రచందనం పక్కన చాకుతో కనబడ్డ మనిషి, మొక్కలు చూడ్డానికొచ్చానంటే ఎవరు నమ్ముతారే పిచ్చిదానా? నాకు నిద్ర పట్టనిది ఇందుకే.

కళ్ళు చాలు. ఎర్రచందనం బెరడు నలుపు కలిసిన గోధుమ రంగులో ఉండి, అడ్డంగా నిలువుగా పగిలి మొసలి వీపులా పలకలు కడుతుంది. ఒక్కో కాడకి 3 చిట్టాకులు, వెడల్పుగా, ఇంచుమించు గుండ్రంగా. యేగిసకి 5 నుంచి 7, కాస్త పొడుగ్గా. ఇక్కడా తొందరపడకు. ఎర్రచందనానికి కూడా అప్పుడప్పుడు 5 వస్తాయి. లేత మొక్కల్ని వదిలేసి, ఎదిగిన చెట్టు మీద 10 కాడలైనా లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చిన అంకె రాసుకో.

ప్రతి మొక్కకీ ఫోటోలు తియ్యి: మొత్తం చెట్టు, బెరడు, ఆకు పైభాగం, అడుగు, పువ్వు, కాయ. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయో, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయో కొమ్మ మీద కనబడాలి. పక్కన చిన్న స్కేలు పెట్టు. పువ్వూ కాయా లేకపోతే పేరు దగ్గర ఖాళీ వదిలెయ్, మళ్ళీ పోయి చూడొచ్చు. యానాది పెద్దలు చెప్పిన పేరు ఏ ఊళ్ళో విన్నావో దాంతోపాటే రాయి, ఒకే పేరు పక్క ఊళ్ళో వేరే చెట్టుకి ఉంటుంది.

దేన్నీ నోట్లో పెట్టి చూడొద్దు. అడవినాభి అని ఒక విషపు తీగ ఉంది, పూస్తే ఎవరైనా గుర్తుపడతారు. పూయక ముందు ఆకు కొస చూడు, నులితీగలా మెలిక తిరిగుంటుంది. దాని దుంప నాగలిలా వంగి ఉంటుంది. తినే దుంపనుకుంటే ప్రాణమే పోతుంది. గురివింద గింజ కొరకొద్దు.

చాకు మీ అమ్మ చేతికిచ్చి బయల్దేరు. పొద్దుగూకకముందే కొండ దిగి, దిగగానే నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ