"పాసింగ్ మాది" అన్న రెండు మాటలు

ప్రశ్న: మాది హనుమకొండ. 2011 ఫిబ్రవరిలో రిజిస్టరైన మహీంద్రా థార్ సీఆర్‌డీఈ బండిని 2022లో కొని, ఆర్‌సీ నా పేరు మీదికి మార్పించుకున్నాను. మా అమ్మగారికి వెన్నెముక ఆపరేషన్ అయిన తరువాత, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ నేను రోజూ ఉద్యోగానికి వెళ్లడానికీ సుఖంగా ఉండేలా మార్చమని హైదరాబాద్ శివార్లలోని ఒక షెడ్డుకు ఇచ్చాను. గుడ్డ టాప్ తీసి గట్టి టాప్ వేశారు. వెనుక ఎదురెదురుగా ఉండే బెంచీలు తీసి ముందుకు చూసే సీటు పెట్టారు. వెనుక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తీసేసి కాయిల్ స్ప్రింగులు అమర్చారు. మొత్తం రూ.4.85 లక్షలు ఇచ్చాను. నెల తిరక్కుండానే, వేగం 70 దాటితే బండి వెనుక భాగం పక్కకు ఊగడం మొదలైంది. తరువాత స్ప్రింగు బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ పగిలింది. ఆరుసార్లు తిప్పించుకున్నారు. ఈ జనవరిలో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి ఆర్‌సీ ప్రకారం లేదని తిప్పి పంపారు. పాత కమాన్లు, బెంచీలు ఒక్కరోజు బిగించి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి ఇస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. షెడ్డు యజమాని మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? నా డబ్బు మొత్తం తిరిగి వస్తుందా?

జవాబు: మీరు పంపిన ఉత్తరం నాలుగు పేజీలు ఉంటే, అందులో మూడు పేజీలు అమ్మగారి బాధకూ షెడ్డు యజమాని మాట తీరుకూ సరిపోయాయి. వాటి జోలికి నేను వెళ్లడం లేదు. మీ కేసు నిలిచినా కూలినా చివర జతచేసిన ఆ చీటీ ఫొటో మీదే. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన అరకాగితం మీద నీలం సిరాతో "టాప్, వెనక సీటు, కమాన్లు తీసి కాయిల్, మొత్తం 4,85,000, పాసింగ్ మాది" అని రాసి, కింద సంతకం ఉంది. పాసింగ్ అంటే రవాణా అధికారుల చేత మార్పులకు అనుమతి వేయించడం. షెడ్డు పేరు లేదు, ముద్ర లేదు, తేదీ వేసినచోట సంవత్సరం లేదు. ఇన్ని లోపాలున్నా ఆ చివరి రెండు మాటలు లేకపోయి ఉంటే, మీ డబ్బులో పెద్ద భాగాన్ని మరచిపొమ్మని ఈపాటికి చెప్పి ఉండేవాడిని.

ఎందుకో వివరిస్తాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చే విధంగా బండిని మార్చకూడదు. ఆ నిషేధం మెకానిక్ మీద కాదు, యజమాని మీద, అంటే మీ మీద ఉంది. బండి మౌలిక లక్షణం మారిపోయేంతగా దాని నిర్మాణంలో చేసే మార్పునే చట్టం 'ఆల్టరేషన్' అంటుంది. 2019 జనవరి 9న కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధమైన మార్పులను సెక్షన్ 52 అనుమతించదని తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఎ(4) కింద, ఇటువంటి మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మీ బండిలో మార్పులు ఎన్నో మీరే లెక్క పెట్టుకోండి.

కనుక "ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు" అన్న మీ వాదనను వినియోగదారుల కమిషన్ వినదు. పైగా షెడ్డు తరఫు న్యాయవాది మొట్టమొదట లేవదీసే అభ్యంతరం ఇదే: చట్టవిరుద్ధమైన పని కోసం కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదు, చెల్లని ఒప్పందం మీద పరిహారం ఉండదు. దీనికి మీ దగ్గర ఉన్న సమాధానం ఆ చీటీ ఒక్కటే. "పాసింగ్ మాది" అని రాసి ఇచ్చాడంటే, అధికారి అనుమతితో మార్చి ఇవ్వడానికే ఒప్పందం కుదిరింది, అనుమతి తేవడం కూడా అతను డబ్బు తీసుకున్న పనిలో భాగం. ఒప్పందం సక్రమమైనది, దానిని నెరవేర్చకపోవడం సేవాలోపం అవుతుంది. సస్పెన్షన్ స్వరూపాన్నే మార్చే పనికి అనుమతి దొరకడం దాదాపు అసాధ్యమని అతనికి తెలిసి కూడా మాట ఇచ్చి ఉంటే, అది వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి కూడా వస్తుంది. అమ్మగారి ఆరోగ్యం ఈ వాదనకు ఏ విధంగానూ తోడ్పడదు. మహా అయితే పరిహారం మొత్తం నిర్ణయించేటప్పుడు ఒక వాక్యంగా పనికొస్తుంది.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఇన్‌స్పెక్టర్ తిరస్కరించిన ఈ జనవరి నుంచే రెండేళ్లు లెక్క అని మీరు ధీమాగా రాశారు. పాసింగ్ విషయంలో ఆ వాదన చేయవచ్చు, నేనూ చేస్తాను. కానీ వెల్డింగ్ పగలడం, బండి ఊగడం వంటి పనితనపు లోపాలకు గడువు బండి మీ చేతికి వచ్చిన 2024 మార్చి 18 నుంచే లెక్కించే ప్రమాదం ఉంది. ఆరుసార్లు షెడ్డు చుట్టూ తిరగడం వల్లా, ప్రతిసారీ అతను "చూద్దాం అన్నా" అనడం వల్లా ఆ గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నప్పటికీ, తగిన కారణం చూపి దానిని అడుక్కోవలసిన అవసరం మీకు ఏముంది? మార్చి 18 వరకు ఆగకుండా ఫిబ్రవరిలోనే ఫిర్యాదు దాఖలు చేయండి. నోటీసు ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇవ్వాలనుకుంటే ఈ వారమే స్పీడ్ పోస్టులో పది రోజుల గడువుతో పంపండి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

సాక్ష్యం విషయంలో మీ నిర్లక్ష్యానికి మందలించక తప్పదు. రూ.2.5 లక్షలు బ్యాంకు బదిలీ, రూ.75 వేలు యూపీఐ అన్నారు, బాగుంది. మిగిలిన రూ.1.6 లక్షలు ఏ రసీదూ లేకుండా నగదుగా ఇచ్చారు. చదువుకుని ఉద్యోగం చేస్తున్నవారు, జీఎస్టీ బిల్లు ఇస్తే పన్ను పడుతుందన్న మాట విని బిల్లే వద్దనుకున్నారట! ఆ మిగిలించిన పన్ను ఇప్పుడు ఎంత ఖరీదు పడిందో చూడండి. అదృష్టవశాత్తు బండి ఇచ్చిన రోజు ఉదయం అతను మీకు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఉంది: "అన్నా, లెక్క మొత్తం క్లియర్ అయింది, వచ్చి బండి తీస్కపోండి." మీరు దానిని ఉత్తరంలో మాటవరసకు ప్రస్తావించి వదిలేశారు. నగదు ముట్టిందని నిరూపించేది అదొక్కటే. అయితే మీ గడువు ఏ రోజు మొదలైందో కూడా అదే చెబుతుంది కనుక, దానిని దాఖలు చేసిన తరువాత తేదీ గురించి మాట మార్చడానికి వీలుండదు.

ఆ మెసేజ్‌ను వేరే ఫోనుకు ఫార్వర్డ్ చేసి అసలు ఫోనును అమ్మివేయడం వంటి పనులు చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో 'ఎ' భాగం మీరు, 'బి' భాగం నిపుణుడు పూరిస్తారు, ఫైలు మారలేదని చూపే గుర్తు, అంటే దాని హ్యాష్ విలువ కూడా రాయాలి. కమిషన్లు సాక్ష్య నియమాలను అంత బిగువుగా పట్టించుకోవన్నది నిజమే, అయినా ఎదుటివారికి ఆ సందు ఎందుకు ఇవ్వాలి?

పనితనపు లోపాలకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం బండే. కమాన్ కట్ట బరువు మోయడంతో పాటు వెనుక యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలకుండా పట్టి ఉంచుతుంది. కాయిల్ స్ప్రింగు బరువును మాత్రమే మోస్తుంది. కమాన్లు తీసి కాయిల్ పెట్టినప్పుడు యాక్సిల్‌ను పట్టి ఉంచడానికి వేరే ఆర్ములూ, అడ్డంగా ఒక రాడ్డూ అమర్చాలి. మీరు పంపిన ఫొటోల్లో ఆర్ములు ఉన్నాయి గానీ అడ్డరాడ్డు నాకు కనబడలేదు, బ్రాకెట్ వెల్డింగ్ పూసలు పూసలుగా విడిపోయి ఉంది. నేను ఇంజినీరును కాను. బండి పక్కకు ఊగడానికి కారణం ఇదేనని చెప్పవలసినది నిపుణుడు. ప్రభుత్వ పాలిటెక్నిక్ లేదా ఇంజినీరింగ్ కళాశాలలోని ఆటోమొబైల్ అధ్యాపకుడి చేత గానీ, లైసెన్సు ఉన్న వాహన సర్వేయరు చేత గానీ తనిఖీ చేయించి, కొలతలు, ఫొటోలతో నివేదిక, దానితో పాటు అఫిడవిట్ తీసుకోండి. ఫిర్యాదుతో పాటే, బండిని పరిశీలించి నివేదిక ఇవ్వడానికి కమిషన్ తరఫున ఒక కమిషనర్‌ను నియమించమని మధ్యంతర దరఖాస్తు కూడా వేయండి. ఆ పరిశీలన ముగిసేవరకు ఇంకో మెకానిక్ చేయి ఆ బ్రాకెట్ మీద పడకూడదు.

ఇప్పుడు మీ ఏజెంటు సలహా సంగతి. ఎవరిదో థార్ నుంచి కమాన్లు, బెంచీలు తెచ్చి, ఒక్కపూట బిగించి, ఎఫ్‌సీ అయ్యాక మళ్లీ విప్పేసే ఈ పద్ధతి ఊరూరా నడుస్తున్నదని నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయవద్దు. బిగించడానికి వెల్డింగ్ బ్రాకెట్లు కోయాలి, కోసిన రోజే మీ కేసు పోతుంది. పైగా ముఖ్యమైన విషయాల్లో అబద్ధం చెప్పి పొందిన రిజిస్ట్రేషన్‌ను సెక్షన్ 55(5) కింద రద్దు చేసే అధికారం రిజిస్ట్రేషన్ అధికారికి ఉంది. జనవరిలో తిప్పి పంపిన ఇన్‌స్పెక్టరే రేపు మీ ప్రమాద క్లెయిములో సాక్షిగా రావచ్చు. అప్పుడు బీమా సంస్థ న్యాయవాది అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబుండదు. ఇన్నాళ్లూ మోసపోయినవారు మీరు, ఆ పూటతో మోసం చేసినవారు కూడా మీరే అవుతారు.

చీటింగ్ కేసు గురించి క్లుప్తంగా చెబుతాను. డబ్బు తీసుకున్న నాటికే మోసగించాలన్న ఉద్దేశం ఉందని చూపితేనే భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)లోని సెక్షన్ 420 వర్తిస్తుంది; మీరు డబ్బు ఇచ్చిన నాటికి కొత్త న్యాయ సంహిత ఇంకా అమల్లోకి రాలేదు. పని చేసి, చెడగొట్టినవాడి మీద అది నిలవడం కష్టం. అంతకంటే ముఖ్యంగా, అనుమతి లేని మార్పులు నేనే చేయించుకున్నానని మీరే పోలీసులకు సంతకం చేసి ఇచ్చినట్టవుతుంది. మీకు ఒక్క చిన్న పట్టు మాత్రం ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 'డీలర్' నిర్వచనంలోకి బాడీలు కట్టేవారు, వాహనాలు మరమ్మతు చేసేవారు కూడా వస్తారు. వాహన నిర్మాణానికి సంబంధించిన ఏడో అధ్యాయానికి విరుద్ధంగా బండిని మార్చిన డీలరుకు సెక్షన్ 182ఎ(1) కింద ఏడాది వరకు జైలు గానీ, బండికి లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. నోటీసులో ఈ సంగతి ఒక వాక్యంలో రాస్తే చాలు, రాజీ మాటలు మొదలవుతాయి. బెదిరింపుగా మాత్రం రాయకండి.

ఫిర్యాదు హైదరాబాద్‌లో వేయనక్కరలేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటలేదు గనుక రుసుము కూడా లేదు. డబ్బు మొత్తం అడగడం పిటిషన్‌లో బాగానే ఉంటుంది గానీ, గట్టి టాప్, సీటు రెండేళ్లు వాడుకున్నారు కనుక అంతా వస్తుందని ఆశించకండి. సస్పెన్షన్ పనికి పుచ్చుకున్న సొమ్ము, బండిని అసలు స్థితికి తేవడానికి అయ్యే ఖర్చు, నిపుణుడి ఖర్చు విడివిడిగా అంచనా పత్రాలతో అడగండి. అన్నట్టు, మీ పాత కమాన్ కట్టలు, బెంచీలు ఏమయ్యాయి? "షెడ్డులోనే వదిలేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అవి మీ సొత్తు. నోటీసులో వాటిని తిరిగి ఇవ్వమని, లేదా వాటి ధర కట్టి ఇవ్వమని రాయండి. బండిని అసలు స్థితికి తెచ్చే ఖర్చులో పెద్ద భాగం అక్కడే తగ్గుతుంది.

ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన తరువాత బండిని రోడ్డెక్కించకండి, ఇంటి దగ్గరే నిలపండి. అమ్మగారిని అద్దె కారులో తీసుకెళ్లి ఆ రసీదులు దాచండి, అవీ పరిహారంలో చేరతాయి. కమిషనర్ పరిశీలన పూర్తయ్యాక కమాన్లు, బెంచీలు శాశ్వతంగా బిగించి రెన్యువల్‌కు వెళ్లండి, ఆలస్య రుసుము పడితే దానిని కూడా షెడ్డు ఖాతాలోనే కోరండి. గట్టి టాప్ ఉంచుకోవాలంటే అనుమతి కోసం ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకోండి. అనుమతి వచ్చి మార్పు చేయించాక పద్నాలుగు రోజుల్లో అధికారికి తెలిపి ఆర్‌సీలో నమోదు చేయించి, ఆ ప్రతిని బీమా సంస్థకు పంపండి. ఇక సుఖం సంగతి: అదే రకం కొత్త షాక్ అబ్జార్బర్లు, అరిగిన బుష్‌ల మార్పిడి, తయారీదారు చెప్పిన సైజులోనే రోడ్డు టైర్లు, సరైన గాలి, మంచి కుషను, నేలకు శబ్దం తగ్గించే షీట్లు, వీటిలో ఏదీ బండి మౌలిక లక్షణాన్ని మార్చదు. రూ.4.85 లక్షలు ఖర్చు పెట్టకముందు ఈ మాట ఒక మంచి మెకానిక్‌ను అడిగి ఉండవలసింది.

వచ్చేటప్పుడు చీటీ అసలు కాగితం తీసుకురండి. ఫొటో తీశాక దానిని ఎక్కడ పెట్టారో మీ ఉత్తరంలో రాయలేదు.