పెళ్లై నాలుగేళ్లయినా పిల్లల్లేరని మాటలు పడుతున్నాను, ఎలా తట్టుకోవాలి?

చెల్లె, దేవరకొండ దగ్గర అత్తగారింట్లో ఉంటున్నానని, తొట్టెల ఫంక్షన్ అంటేనే ఏడుపొస్తోందని రాశావు. పరీక్షలన్నీ నీకే చేయిస్తున్నారని, మీ ఆయన మాత్రం ‘నాకేం తక్కువ’ అంటున్నాడని కూడా. మాది మిర్యాలగూడ వైపు. పెళ్లై చాలా ఏళ్లయింది, మాకు ఇప్పటికీ పిల్లల్లేరు.

ముందు మీ ఆయన సంగతి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు సూది లేదు, కోత లేదు, ఖర్చూ తక్కువే. నీకు గర్భసంచి ట్యూబులు మూసుకుపోయాయా అని చూసే ఎక్స్‌రే తీసే ముందే అది అయిపోవాలి. మా ఆయన నేను చెబితే వినలేదు. ‘మీ రిపోర్టు చూడకుండా ఈమెకు మందులు రాయను’ అని డాక్టరమ్మ మొహం మీదే అనేసరికి మర్నాడే వెళ్లాడు. వీర్యకణాల కౌంట్ తక్కువని వచ్చింది. ఆ సంగతి అత్తమ్మకు ఆయన నోటితోనే చెప్పాలని పట్టుబట్టాను. నేను చెబితే ఆమె కొడుకు మీద నింద వేసినట్టుండేది. ఆయన చెప్పాక నాకు పోసే ఆకు పసర్లు, చేయించే ఉపవాసాలు ఆగిపోయాయి. అత్తమ్మ ప్రేమగా మారిందా అంటే, లేదు. ఊరుకుంది, అంతే. నాకదే చాలు.

ఫంక్షన్లంటావా, దగ్గరివాళ్లవైతే భోజనాల టైముకు వెళ్తాను, దూరపువాళ్లవైతే ఆయన్నే పంపుతాను. ‘ఏమన్నా విశేషమా?’ అంటే ‘ఉంటే నీకు చెప్పనా చిన్నమ్మా’ అని నవ్వేస్తాను. ఒడిబియ్యం పోయడానికి అందర్నీ పిలిచి నన్ను వదిలేసిన ఆమె గడప మాత్రం మళ్లీ తొక్కలేదు. అన్నిచోట్లా పెద్దమనసు చూపించక్కర్లేదు చెల్లె.

ఇంకోటి. పిల్లల్లేరనో, మగపిల్లాడు లేడనో అవమానించడాన్ని 2005 గృహహింస చట్టం హింస కిందే రాసింది. వెంటనే కేసు పెట్టమని కాదు, ఆ మాట తెలిసుంటే ‘గొడ్రాలు’ అన్నప్పుడు తల దించుకోవు. మితిమీరితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్. నిద్ర పట్టక, బతుకు వద్దనిపిస్తుంటే ఆలస్యం చేయకుండా మనసు బాధలకు సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి ఆస్పత్రికి ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్లు. పరీక్ష మాట డాక్టరే ఎత్తాలని ముందుగా నర్సు చెవిన వేసి పెట్టు.