షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకుంటే నెలకు ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: మాది విజయనగరం, అద్దె ఇల్లు. మావారి జీతం 42 వేలు, నాకు ట్యూషన్ల మీద 6 వేలు వస్తాయి. ఇంటి ఖర్చులు, నెలనెలా కట్టే 3 వేల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) పోను నెలకు 5 వేలు మిగులుతుంది. బ్యాంకులో 40 వేలు ఉంది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి కుక్కను పెంచుకుందామని ఏడాదిగా అడుగుతోంది. లాబ్రడార్ పిల్ల 15 వేలంటున్నారు, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కొందామని మావారు అంటున్నారు. విశాఖలో షెల్టర్ నుంచి తెచ్చుకుంటే ఖర్చే ఉండదు కదా అని నేను. ఏం చేయమంటారు?

జవాబు: షెల్టర్ నుంచే తెచ్చుకోండమ్మా. కాకపోతే ఖర్చే ఉండదన్న లెక్క మాత్రం పక్కన పెట్టండి. కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. మీ అమ్మాయి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరేదాకా అది మీ ఇంట్లోనే ఉంటుంది. తెచ్చుకునే రోజు మిగిలే 15 వేలకన్నా, ఆ తర్వాత నెలనెలా పెట్టగలరా లేదా అన్నదే అసలు లెక్క.

ఈఎంఐ వద్దు. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, వాటి మీద 18 శాతం జీఎస్టీ కలిపి ఆ పిల్ల ధర ఇంకా పెరుగుతుంది. పైగా లాబ్రడార్ పెద్దదైతే 30 కిలోలు తూగుతుంది, తిండీ ఎక్కువే. షెల్టర్లో దొరికే నాటు కుక్క అందులో సుమారు సగం బరువుంటుంది, మన ఎండలకూ ఓర్చుకుంటుంది.

మీ ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. బ్యాంకులో ఉన్నదీ అంతే, అంటే ఒక్క నెల ఆధారం. దాన్ని ముట్టుకోవద్దు, ఆర్‌డీని ఆపొద్దు. నాలుగు నెలలు ఆగి, మిగిలే 5 వేలు వేరే ఖాతాలో వేయండి. ఇబ్బంది పడకుండా 20 వేలు జమ అయితే కుక్కను పోషించగలరని మీకే తెలుస్తుంది. మధ్యలో రెండుసార్లు తీయాల్సి వస్తే ఇంకొంత కాలం ఆగడమే మేలు. అమ్మాయికి ఈ లెక్క దాచకండి, దగ్గర కూర్చోబెట్టుకుని చూపించండి.

ఆ 20 వేలలో సుమారు సగం మొదటి ఏడాదికి పోతుంది. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాల తేడాతో బూస్టర్లు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, మధ్యమధ్యలో నట్టల మందు, ఆ తర్వాత సంతాన నిరోధక ఆపరేషన్. టీకాల దగ్గర పొదుపు చేయకండి. పార్వో అనే వైరస్ సోకిన పిల్ల వాంతులు, రక్తంతో విరేచనాలు చేసుకుంటుంది, రోజూ సెలైన్ ఎక్కించాలి. రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. టీకాకు వందల్లో అయ్యేది, అప్పుడు వేలల్లో అవుతుంది.

నా సలహా అడిగితే పిల్లను కాకుండా ఏడాది, రెండేళ్ల కుక్కను తెచ్చుకోండి. చాలామంది పిల్లలే కావాలంటారు, పెద్ద కుక్కలు షెల్టర్లలోనే ఉండిపోతాయి. అలాంటి వాటికి చాలావరకు టీకాలు, ఆపరేషన్ అయిపోయి ఉంటాయి. మీకు ఖర్చు తగ్గుతుంది, దాని స్వభావమూ ముందే తెలుస్తుంది. టీకా కార్డు తప్పక అడిగి తీసుకోండి.

కుక్క ఇంటికొచ్చాక ఆ 5 వేలను ఇలా సర్దండి: తిండికి 2 వేలు, దాని వైద్యానికి విడిగా వెయ్యి రూపాయల ఆర్‌డీ, మిగిలిన 2 వేలు మీ అత్యవసర నిధిలోకి. అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు పెడితే 2 వేలలో సరిపోతుంది. మనం తినగా మిగిలిన పులుసు, కూర పెట్టకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా విషమే. జ్వరమొచ్చిందని మన ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ఇవ్వొద్దు.

వైద్యానికి వెయ్యి ఎందుకంటే, మన వైపు పిడుదుల బెడద ఎక్కువ. వాటివల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్షలు, వారాల తరబడి మందులు కావాలి. వానాకాలంలో వారానికోసారి చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకండి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వాసుపత్రి అయితే ఖర్చు చాలా తగ్గుతుంది. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా అక్కడ రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఆ టీకాను తొలిసారి ఒక బాలుడికి వేసిన రోజది. ఆటలో మీలో ఎవరికైనా పంటి గాటు పడినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, మనుషుల ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పైసా ఖర్చు లేకుండా టీకా వేస్తారు.

పెట్ ఇన్సూరెన్స్ గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు. ఆ ఆర్‌డీయే మీకు ఇన్సూరెన్స్.

సంక్రాంతికి ఊరెళ్తే దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి, డబ్బు తీసుకుని ఉంచుకునేచోట రోజుకు వందల్లో అడుగుతారు. దీపావళి టపాసులకు బెదిరి పారిపోయే కుక్కలు ఎన్నో, మెడ పట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించండి.

అన్నిటికన్నా ముందు ఇంటి ఓనరును అడగండి. ఆయన ఒప్పుకోకపోతే ఇల్లు మారాలి, కొత్త అడ్వాన్సు, సామాను తరలింపు ఖర్చు మీద పడతాయి. పైన చెప్పిన 20 వేలు దానికే సరిపోకపోవచ్చు. ఆయన సరేనన్నాకే ఆ వేరే ఖాతా తెరవండి.