శ్రీపెరుంబుదూరు వెళ్లే ముందు

అమ్మలూ,

రాజీవ్ గాంధీ హత్య మీద పరిశోధన మొదలుపెట్టావని మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. గర్వంగానే ఉంది గానీ, తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ముందు 1999 మే 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు పూర్తిగా చదువు. తర్వాత ఈ హత్యపై విచారించిన వర్మ, జైన్ కమిషన్ల నివేదికలు. ఎవరేం చెప్పినా తేదీ వేసి రాసుకో. హత్య జరిగిన శ్రీపెరుంబుదూరుకి ఒక్కదానివే వెళ్లకు.

ఇక అసలు సంగతి. 1991 మే 21 సాయంత్రం ఆయన మన విశాఖ నుంచే మద్రాసు బయల్దేరారు. విమానంలో ఏదో లోపం వచ్చి ఆలస్యమైంది. రాత్రి పదిన్నర లోపే మనిషి లేరు. మర్నాడు ఏ టీకొట్టు దగ్గర విన్నా ఒకటే మాట, ఆ లోపం కావాలనే చేశారని. విమానం బాగుపడకపోతే ఆయన ఆ రాత్రి ఇక్కడే ఉండిపోయి బతికేవారు కదా, చంపాలనుకున్నవాడు ప్రయాణం ఎందుకు ఆపుతాడు? అప్పుడు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, ఒక చిన్న పత్రికలో విలేకరిని. మా వీధి చివర బడ్డీకొట్టు తమిళాయన 22న కొట్టు తెరవలేదు. 'హత్య జరిగిన రాత్రి నుంచీ కనిపించని తమిళుడు' అని నాలుగు వాక్యాలు రాశాను. పేరు రాయలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. ఆ వీధిలో తమిళుడు ఆయనొక్కడే! తిరిగొచ్చేసరికి కొట్టు పగలగొట్టేశారు. నేను వెళ్లేసరికి వంగి గాజుపెంకులు ఊడుస్తున్నాడు. నిమ్మబిళ్లలు మట్టిలో కలిసిపోయి చీమలు పట్టాయి. నన్ను చూసి నవ్వి, "ఆడపిల్ల సార్" అన్నాడు. భార్యకు పురుడని ఊరెళ్లాడట. రాసింది నేనేనని చెప్పలేకపోయాను. నెల తిరక్కుండానే ఊరు వదిలేశాడు.

రాసిన మాటే కాదమ్మా, రాయకుండా వదిలేసిన మాటా మనిషిని ముంచుతుంది. బాంబుకు బ్యాటరీలు కొనిచ్చాడని శిక్షపడ్డ పేరరివాళన్, అవి దేనికో తనకు తెలియదని చెప్పిన మాటను వాంగ్మూలంలో చేర్చలేదని, దాన్ని నమోదు చేసిన సీబీఐ అధికారే 2013లో బయటపెట్టాడు. పేరరివాళన్ జైలు నుంచి విడుదలైంది 2022లో.

ఆ సభలో ఫొటోలు తీస్తున్న హరిబాబు పేలుడులో చనిపోయినా అతని కెమెరా మిగిలింది. బాంబు కట్టుకొచ్చి, గంధపు దండ పట్టుకుని నిలబడ్డ ధను అందులో ఉంది. అలాంటిది పట్టుకో, వదలకు. ఆ హత్యను దగ్గరుండి నడిపించిన శివరాసన్ ఆ ఏడాది ఆగస్టులో బెంగళూరు దగ్గరి కోననకుంటెలో శవమై దొరికాడు. అతనితోపాటు పోయిన జవాబులు పోయాయి. ఆ ఖాళీని ఖాళీగానే చూపించు. అందులో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలని అందరూ తొందరపెడతారు, నాకు భయం అక్కడే.

నీ దగ్గర కొత్త పేరు ఒకటి ఉందట కదా. ఆ మనిషి ఇంకా బతికే ఉంటే వాళ్లింటికి వెళ్లు, నువ్వు రాసింది ఎదురుగా చదివి వినిపించు, వాళ్లేమన్నారో అదీ రాయి. బయటపెట్టే ముందు నాకొకసారి ఫోన్ చెయ్యి తల్లీ. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

నీ పెదనాన్న