‘అపాలింగ్‌లీ’ని ‘వెరీ’కి బదులు వాడొచ్చా? వాక్యంలో ఎక్కడ పెట్టాలి?

‘ఘోరంగా’ అనే అర్థమున్న ‘అపాలింగ్‌లీ’ అనే ఇంగ్లిష్ మాటతో మీరు రెండు వాక్యాలు రాసి సరిచూడమన్నారు. ఒకటి ‘ఐ యామ్ అపాలింగ్‌లీ టయర్డ్’. రెండోది ‘హి అపాలింగ్‌లీ బిహేవ్డ్ విత్ మీ’. మొదటిది వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు గానీ, చదివినవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. రెండోదాంట్లో మాట సరైనదే, దాని చోటు మారాలి. ఎందుకో చెప్పేముందు ఈ మాటతో నేను తిన్న దెబ్బ చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే దేశంలో ఉండే సహోద్యోగి ఒకావిడ చేసిన స్లైడ్లు నాకు బాగా నచ్చాయి. మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాను. ‘అపీలింగ్‌లీ డిజైన్డ్’ అని రాయబోయి ‘అపాలింగ్‌లీ డిజైన్డ్’ అని రాసేశాను. ఆకర్షణీయంగా చేశారు అందామనుకుంటే ఘోరంగా చేశారు అయింది. ఇంగ్లిష్‌లో రెండూ (appealingly, appallingly) పదకొండేసి అక్షరాల మాటలే, మధ్యలో రెండక్షరాలే తేడా. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెక్ ఎర్ర గీత కూడా పెట్టలేదు. గంట తర్వాత జవాబు వచ్చింది: ఏ స్లైడ్లు బాగాలేవో చెప్తే మారుస్తాను అని, చాలా మర్యాదగా. ఆ మర్యాద చూసే నాకు టెన్షన్ పట్టుకుంది. క్షమాపణ మెయిల్‌ని నాలుగుసార్లు తిరగరాసి పంపాను. ఆవిడ నవ్వేసి వదిలేసింది. నాకు మాత్రం అప్పట్నుంచి ఆ మాట ఎక్కడ కనబడినా ఆగి, ఎలా వాడారో చూడటం అలవాటైపోయింది. ఈ జవాబంతా ఆ అలవాటు పుణ్యమే.

‘అపాల్’ అనే క్రియ పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం తెల్లబోవడం, రంగు తగ్గిపోవడం. అంటే చూసినవాడి ముఖం పాలిపోయేంత ఘోరం అన్నమాట. మన ‘పాలిపోవడం’తో దానికి చుట్టరికం ఉందని కాదు గానీ, గుర్తుపెట్టుకోవడానికి భలే పనికొస్తుంది.

తెలుగులో దీనికి దగ్గరి మాటలు ‘ఘోరంగా’, ‘దారుణంగా’. మీ మొదటి వాక్యం ఇక్కడే దారి తప్పిందని నా అనుమానం. మనం ‘దారుణంగా అలసిపోయాను’, ‘ఘోరంగా ఆకలేస్తోంది’ అని మామూలుగా అనేస్తాం. అందులో ఎవరి మీదా నింద ఉండదు, ‘చాలా’ అనడానికి కాస్త గట్టి రూపం, అంతే. వాడగా వాడగా మాటలో ఘాటు పోయింది. ఇంగ్లిష్‌లోనూ ఇలా ఘాటు పోయినవి ఉన్నాయి. ‘టెరిబ్లీ సారీ’ అంటే అందులో భయం ఏమీ లేదు, ‘ఆఫుల్లీ నైస్ ఆఫ్ యూ’ అంటే అది మెచ్చుకోలే. ‘డ్రెడ్‌ఫుల్లీ’ కూడా ఆ దారినే పోయింది. ‘అపాలింగ్‌లీ’ మాత్రం ఇంకా అంతగా అరగలేదు. ‘అపాలింగ్‌లీ సారీ’ అంటే నవ్వొస్తుంది. అలసట గురించి చెప్పాలంటే ‘టెరిబ్లీ టయర్డ్’ అనండి, లేదా ఊరికే ‘ఎగ్జాస్టెడ్’ అనండి.

అలాగని విశేషణం ముందు వాడరని కాదు, బాగా వాడతారు. కాకపోతే అది ‘చాలా’ అని చెప్పి ఊరుకోదు, ‘ఇలా ఉండకూడదు’ అని కూడా అంటుంది. ‘అపాలింగ్‌లీ బ్యాడ్’లో ఇది బయటికి కనబడదు, ఎందుకంటే చెడ్డది ఎలాగూ చెడ్డదే. మామూలు విశేషణం పక్కన పెట్టి చూడండి. ‘లో వేజెస్’ అంటే తక్కువ జీతాలు, ఒక సమాచారం. ‘అపాలింగ్‌లీ లో వేజెస్’ అంటే ఇంత తక్కువ ఇవ్వడానికి మనసెలా వచ్చిందన్న ప్రశ్న అందులోనే ఉంది. ఇంకా తమాషా అయినది ‘ఈజీ’ లాంటి మంచి మాట పక్కన. ‘ఇట్ ఈజ్ అపాలింగ్‌లీ ఈజీ టు గెస్ దిస్ పాస్‌వర్డ్’. తేలిక అనేది మామూలుగా మంచి గుణమే. ఇక్కడ మాత్రం అది నేరమైపోయింది: ఇంత తేలికైన పాస్‌వర్డ్ పెట్టినవాడికి బుద్ధి లేదు అని చెప్పకనే చెప్పాం. నా దృష్టిలో ఈ మాట బాగా పండేది ఇలాంటి చోటే. విశేషణం ఒక వైపు లాగుతుంటే ఇది ఇంకో వైపు లాగుతుంది.

ఇక చోటు సంగతి. ఎలా ప్రవర్తించారు, ఎలా చేశారు అని చెప్పేటప్పుడు ఇది క్రియ తర్వాత వస్తుంది: ‘దే ప్లేడ్ అపాలింగ్‌లీ’. కర్మ ఉంటే దాని తర్వాత: ‘దే ట్రీటెడ్ హర్ అపాలింగ్‌లీ’. తెలుగులో ‘ఘోరంగా ఆడారు’ అని క్రియకు ముందు పెడతాం కదా, ఆ అలవాటే ‘అపాలింగ్‌లీ బిహేవ్డ్’ అని రాయిస్తుంది. నేనూ ఏళ్ళ తరబడి అలాగే రాశాను. ఒక్క మినహాయింపు ఉంది. కర్మణి వాక్యంలో అయితే ముందూ రావచ్చు, వెనకా రావచ్చు: ‘షి వాజ్ అపాలింగ్‌లీ ట్రీటెడ్’, ‘షి వాజ్ ట్రీటెడ్ అపాలింగ్‌లీ’ రెండూ చెల్లుతాయి. వాక్యం మొదట్లో పెట్టి కామా కొడితే మొత్తం సంగతి మీదే మీ తీర్పు అవుతుంది: ‘అపాలింగ్‌లీ, నోబడీ కాల్డ్ ఎ డాక్టర్’. డాక్టర్‌ని ఘోరంగా పిలిచారని కాదు, ఎవరూ పిలవకపోవడమే ఘోరమని.

ఒక దగ్గర మాత్రం అసలు వాడకూడదు. ‘స్మెల్’, ‘టేస్ట్’, ‘లుక్’ లాంటి క్రియల తర్వాత వాసన, రుచి, వాలకం ఎలా ఉన్నాయో చెప్తున్నప్పుడు ‘లీ’ తీసెయ్యాలి. ‘ఇట్ స్మెల్స్ అపాలింగ్’ అనాలి. తెలుగులో ‘ఘోరంగా వాసనొస్తోంది’ అని ‘గా’ వస్తుంది కాబట్టి చెయ్యి ఆటోమేటిక్‌గా ‘లీ’ చేర్చేస్తుంది. ‘వెరీ అపాలింగ్‌లీ’ అని కూడా రాయకండి, గొంతు చించుకుని అరిచేవాడిని ఇంకాస్త గట్టిగా అరవమన్నట్టుంటుంది. బ్రిటిష్‌వాళ్ళు ‘క్వైట్ అపాలింగ్‌లీ’ అంటారు. అక్కడ ‘క్వైట్’ అంటే కొంచెం అని కాదు, పూర్తిగా అని. ఉచ్చారణలో ఒత్తు ‘పా’ మీద.

దీని చుట్టాల గురించి రెండు ముక్కలు. ‘డిస్‌గ్రేస్‌ఫుల్లీ’ అనాలంటే సిగ్గుపడాల్సిన మనిషో సంస్థో ఎదుట ఉండాలి. చలిని ‘అపాలింగ్‌లీ కోల్డ్’ అనొచ్చు గానీ ‘డిస్‌గ్రేస్‌ఫుల్లీ కోల్డ్’ అంటే హీటర్ వెయ్యనివాడెవడో ఉండాలి. ‘షాకింగ్‌లీ’లో ఆశ్చర్యం పాలు ఎక్కువ. ‘ఔట్రేజియస్‌లీ’ని నమ్మడానికి లేదు, ‘ఔట్రేజియస్‌లీ ఫన్నీ’ అంటే కడుపుబ్బ నవ్వించింది అని పొగడ్త!

ఆఫీసు మెయిళ్ళలో నేను దీన్ని వస్తువుల మీద వాడతాను, మనుషుల మీద వాడను. ‘ద సర్వర్ ఈజ్ అపాలింగ్‌లీ స్లో’ అని ఎన్నిసార్లు రాసినా ఎవరూ నొచ్చుకోలేదు. ‘యూ హ్యాండిల్డ్ ఇట్ అపాలింగ్‌లీ’ అంటే మాత్రం అది మెమో ఇచ్చినట్టే.

మీ రెండో వాక్యాన్ని ‘హి బిహేవ్డ్ అపాలింగ్‌లీ టువర్డ్స్ మీ’ అని మార్చండి. ‘నాతో’ అనుకుని ‘విత్ మీ’ రాశారు, ఇంగ్లిష్‌లో ‘బిహేవ్’ పక్కన ‘టువర్డ్స్’ నప్పుతుంది. ఇంతకీ ఆయన ఏం చేశాడో మీరు రాయలేదు. ఫోన్ ఎత్తలేదనో, మాట మధ్యలో లేచి వెళ్ళిపోయాడనో అయితే ‘రూడ్లీ’ చాలు. ‘అపాలింగ్‌లీ’ అన్నారంటే వినేవాళ్ళు వెంటనే ‘ఏం చేశాడు?’ అని అడుగుతారు.