మందు మానేసిన కొత్తలో సెలవులు, కాలేజీ ఎలా నెట్టుకురావాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 19, మానేసి మూడు నెలలు. సెలవులకు ఇంటికెళ్తే పార్టీలు, బంధువులు. తిరిగొస్తే హాస్టల్, పాత స్నేహితులు. రెండుచోట్లా తాగకుండా ఎలా ఉండాలి? నేనూ చదువుకునే వయసులోనే మానేసినవాణ్ని. ఆ తర్వాత ఇదే దారిలో ఉన్న చాలామంది కుర్రాళ్లతో, అమ్మాయిలతో దగ్గరగా మెలిగాను కాబట్టి పనికొచ్చేవి మాత్రమే రాస్తున్నాను.

సెలవుల్లో ముందు దెబ్బతినేది దినచర్య. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ల్యాబు, వారం వారం గ్రూప్ మీటింగు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం... ఇన్నాళ్లూ మీ రోజుని పట్టి ఉంచినవి ఇవే. సెలవిచ్చిన రోజున ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. పార్టీలో ఎవరో గ్లాసు అందించడం గురించే అందరూ భయపడతారు గానీ, చాలామంది జారేది ఏ పనీ లేని సాయంత్రాల్లో, పార్టీ అయిపోయాక ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు.

అందుకని బయల్దేరే ముందే ఒక కాగితం మీద సెలవుల్లోని ప్రతి రోజునీ గంటల వారీగా గీసుకోండి. ఖాళీగా ఉండే గంటలకు ఎర్ర గీత పెట్టండి. మామూలుగా అవి సాయంత్రం 6 నుంచి రాత్రి 11 మధ్యే ఎక్కువ వస్తాయి. ప్రతి ఎర్ర గీత మీదా ఒక పని, ఒక మనిషి పేరు ఉండాలి. "ఏదో ఒకటి చేస్తాలే" అని రాస్తే అది ఖాళీ కిందే లెక్క. "7కి ఫలానావాడితో నడక, 8కి ఆన్‌లైన్ మీటింగ్" అని రాయాలి. లేచే టైము సెలవుల్లోనూ మారకూడదు, గంట అటూ ఇటూ ఐతే ఫర్వాలేదు. కౌన్సెలర్‌తో సెలవుల మధ్యలో ఒక ఫోన్ కాల్, తిరిగొచ్చిన వారంలోనే ఒక అపాయింట్‌మెంట్ ముందే ఖాయం చేసుకోండి. వచ్చాక చూద్దాం అనుకుంటే ఆ వారం అలాగే గడిచిపోతుంది.

మీటింగుల విషయం. తాగుడు మానేసినవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో మొదలైంది. అందులో చేరడానికి వయసు అడ్డు కాదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. కుర్రవాళ్ల కోసం ప్రత్యేకంగా నడిచే గ్రూపులు చాలాచోట్ల ఉన్నాయి. పెద్ద సెలవు రోజుల్లో కొన్ని గ్రూపులు పగలూ రాత్రీ వరసగా మీటింగులు పెడతాయి, ముందే అడిగి తెలుసుకోండి. అక్కడి ఆధ్యాత్మిక భాష మీకు పడకపోతే స్మార్ట్ రికవరీ అనే ఇంకో సంఘం ఉంది, అది ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతుల మీద నడుస్తుంది. అలటీన్ పేరు చూసి తాగే కుర్రాళ్ల కోసమని చాలామంది పొరబడతారు. ఇంట్లో ఇంకొకరి తాగుడు వల్ల నలిగిపోతున్న టీనేజర్ల కోసం అది. మీ తమ్ముడో చెల్లెలో ఆ పరిస్థితిలో ఉంటే వాళ్లకి చెప్పండి.

ఇక పార్టీ. మొదటి ఏడాది తప్పించుకోగలిగినవన్నీ తప్పించుకోండి, ఎవరేమనుకున్నా సరే. తప్పనివాటికి కడుపు నిండా తిని వెళ్లండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో రెండు కలిసున్న రోజున వెళ్లడమే వద్దు. ఆలస్యంగా వెళ్లి, అందరూ తూలడం మొదలవకముందే వచ్చేయాలి. గంటన్నర చాలు. తిరిగొచ్చే దారి మీ చేతుల్లోనే ఉండాలి. తాగుతున్నవాడి బండి మీద ఆధారపడితే వాడు లేచేదాకా మీరూ కూర్చోవాలి.

గ్లాసు మీరే నింపుకోండి, చేతిలోంచి వదలకండి. ఒకసారి బల్ల మీద పెట్టి పక్కకెళ్తే మళ్లీ దాన్ని ముట్టుకోవద్దు, కొత్తది తెచ్చుకోండి. ప్రతి గ్లాసునీ మొదటి గుక్కకి ముందు ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూడండి. రంగు కలిపిన తియ్యటి పానీయాల్లో వోడ్కా కంటికి కనపడదు, నాలుకకి తెలిసేసరికి లోపలికి పోయి ఉంటుంది.

ఎవరైనా తాగమంటే "వద్దు, నేను తాగను" అని, అక్కడితో ఆపేయండి. సాకులు ఎందుకు పనికిరావంటే, ప్రతి సాకుకీ ఎదుటివాడి దగ్గర ఒక జవాబు ఉంటుంది. "బండి నడపాలి" అంటే "నేను దింపుతా" అంటాడు. "మందులు వాడుతున్నా" అంటే "ఒక్క పెగ్గుకి ఏమీ కాదు" అంటాడు. మాట మీ తాగుడు మీది నుంచి మీ సాకు మీదికి మళ్లుతుంది, ఆ వాదనలో ఓడిపోవడం తేలిక. అదే వాక్యాన్ని అదే గొంతుతో మూడుసార్లు చెప్పండి, మాట మార్చండి, ఇంకా వదలకపోతే లేచి వెళ్లిపోండి. దీన్ని గట్టిగా, పైకి అని సాధన చేయాలి. మనసులో అనుకున్న వాక్యం అందరి ముందు నోటికి రాదు. ఆ రాత్రి మీ ఫోన్ ఎత్తడానికి ఒప్పుకున్న మనిషి ఒకరుండాలి. మీరు ఫలానా ఒక్క మాట మెసేజ్ పెడితే వాళ్లు వెంటనే ఫోన్ చేసి మిమ్మల్ని బయటికి పిలవాలి.

తాగాలనిపించడం అలలా లేచి, పెరిగి, తగ్గిపోతుంది. మనం దాన్ని ఎగదోయకపోతే మామూలుగా 15 నుంచి 30 నిమిషాల్లో దాని జోరు తగ్గుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ దీని మీదే ఒక పద్ధతి చెప్పాడు: కోరికతో కొట్లాడకుండా, లొంగకుండా, దాన్ని గమనిస్తూ దాటడం. మొదట ఉన్నచోటు నుంచి కదలండి, టైము చూసి రాసుకోండి. అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి: గొంతులోనా, ఛాతీలోనా, అరచేతుల్లోనా? నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. చల్లటి నీళ్లు తాగి, ఏదైనా తిని, ఫోన్ చేయండి. 20 నిమిషాల తర్వాత మళ్లీ టైము చూడండి. ఇది బెడిసికొట్టేది ఎక్కడంటే, సీసా కనపడుతున్న చోటే కూర్చుని "తాగాలా వద్దా" అని తనలో తాను వాదించుకున్నప్పుడు. ఆ వాదన సాగినకొద్దీ అల తగ్గదు.

కంటికి ఆనని చోట్ల కూడా ఆల్కహాల్ ఉంటుంది. 'నాన్ ఆల్కహాలిక్' అని రాసిన బీరులో చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉండొచ్చు. దాని రుచీ వాసనే పాత అలవాటుని లేపుతాయి కాబట్టి నా సలహా, మొదటి ఏడాది దాని జోలికే పోవద్దు. కొన్ని దగ్గు సిరప్‌లు, మౌత్‌వాష్‌ల సంగతీ అంతే, లేబుల్ చదవండి. తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడుతుంటే ఇది ఇంకా ముఖ్యం. ఆ మాత్రతో పాటు ఆల్కహాల్ కాస్త పడినా ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ రావచ్చు, మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తాగాలన్న కోరికని తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వాడేవాళ్లు పన్ను తీయించుకోవడానికి వెళ్లినా డాక్టరుకి ముందే చెప్పాలి, అది వాడుతున్నప్పుడు ఓపియాయిడ్ నొప్పి మాత్రలు (మార్ఫిన్ జాతివి) సరిగా పనిచేయవు.

ఇంట్లో అందరికీ అన్నీ చెప్పనక్కర్లేదు. ఒక్కరికి పూర్తిగా చెప్పి, వాళ్ల నుంచి కచ్చితమైన పని అడగండి. "నాకు సాయం చెయ్యి" అంటే వాళ్లకేం చేయాలో తెలియదు. "సీసాలు నేను పడుకునే గదిలో పెట్టొద్దు, నా చేత ఎవరికీ పోయించొద్దు" అంటే తెలుస్తుంది. మానేశాక కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల పాటు నిద్ర సరిగా పట్టదు. అది మెల్లగా సర్దుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల నిద్రమాత్ర తీసుకోవడం మాత్రం ఎంతమాత్రం వద్దు.

కాలేజీకి తిరిగొచ్చాక మొదటి రెండు వారాలు జాగ్రత్త. చదువు భారం తక్కువ, కొత్త స్నేహాలు కుదిరేదీ అప్పుడే. తాగే గుంపులో కూర్చుంటే ఆ సెమిస్టరంతా అదే గుంపు. తాగని రూమ్మేట్ కావాలని వార్డెన్‌ని గానీ హాస్టల్ ఆఫీసుని గానీ అడగడానికి సిగ్గుపడొద్దు. మానేసిన విద్యార్థుల కోసం అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం 1988లోనే విడిగా వసతి పెట్టింది. మీ దగ్గర అలాంటిది ఉందో లేదో కౌన్సెలింగ్ కేంద్రంలో అడగండి. పాత తాగుడు గ్రూపుల్లోంచి ఫోన్లో బయటికొచ్చేయండి, మ్యూట్ చేస్తే సరిపోదు.

నన్నడిగితే అన్ని పార్టీల కన్నా ప్రమాదం ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం. ఒళ్లు అలసి ఉంటుంది, తిండి సరిగా ఉండదు, మర్నాడు పొద్దున లేవాల్సిన పని ఉండదు, అందరూ కలిసి ఒకేచోటికి బయల్దేరుతారు. ఆ సాయంత్రానికి టికెట్టు కొని పెట్టుకోండి, ఊరికెళ్లే బస్సుకో, ఏదైనా మ్యాచ్‌కో, సినిమాకో. పరీక్షల ముందు "ఏకాగ్రతకి" అని ఎవరో ఇచ్చే మాత్రలు, మందుకి బదులని ఇచ్చే గంజాయి, ఇవి రెండూ అదే దారిలోకి తీసుకెళ్తాయి.

ఒకవేళ తాగేస్తే, "ఎలాగూ చెడింది, ఇంక పూర్తిచేద్దాం" అన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. ఒక గ్లాసుని వారం రోజుల తాగుడుగా మార్చేది అదే. చేతిలోది కింద పెట్టి, అదే రాత్రి ఒక మనిషికి చెప్పండి, ఒంటరిగా పడుకోవద్దు. మర్నాడు మీటింగుకి వెళ్లి, ముందరి 24 గంటల్లో ఏమేం జరిగిందో వెనక నుంచి ముందుకు రాయండి. ఎక్కడ దారి తప్పిందో అందులో దొరుకుతుంది. మానేసిన ఒంటికి పాత ఓర్పు ఉండదు, పాత మోతాదు ఇప్పుడు ఎక్కువ ప్రమాదం. ఓపియాయిడ్ల విషయంలో ప్రాణాలే పోతాయి. ఎవరైనా లేపినా లేవకపోతే, రెండు ఊపిరుల మధ్య 10 సెకన్లు దాటుతుంటే, పెదాలు నీలంగా మారితే, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్సుని పిలవండి. చన్నీళ్లు పోయొద్దు, వాంతి చేయించొద్దు, వదిలి వెళ్లొద్దు.

వరసగా రోజుల తరబడి తాగి ఉంటే ఇంట్లో ఒంటరిగా ఒక్కసారే ఆపేయకండి. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమణం రావచ్చు. ఇది ఆసుపత్రిలో చూడాల్సిన పని. రోజుకి ఎంత తాగారో, ఎన్నాళ్లుగా తాగుతున్నారో అక్కడ తగ్గించకుండా చెప్పండి, వాళ్లిచ్చే మాత్రల మోతాదు ఆ లెక్కని బట్టే ఉంటుంది.